పద్దెనిమిది అంగుళాల దారి

ఆ చలికాలంలో నేను పన్నెండు గ్రీన్‌హౌస్‌లు కట్టాను. పదకొండు కాగితం మీద, ఒకటి పెరట్లో.

అది మొదలైన పొద్దు బాగా గుర్తుంది. కిటికీ అద్దం నిండా మంచు పట్టి ఉంది. అక్క పెరట్లో టమాటా మొక్కల ముందు చతికిలబడి కూచుంది. ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. చలికి మొక్కలు పోవడం అది వరసగా మూడో ఏడు. అక్క ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఒక ఆకు తుంచి, బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి పారేసింది.

నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. నా నోట్లో ఒక వాక్యం సిద్ధంగా ఉంది. 'అక్కా, నేను పెళ్ళి చేసుకుని ఈ ఊరు వదిలి వెళ్దామనుకుంటున్నాను.' నలభై ఒక్కేళ్ళ మగవాడు ఆ మాట అనడానికి అంత కష్టపడక్కర్లేదు. కానీ ముందురోజు సాయంత్రం నుంచి దాన్ని ఎన్నిసార్లు తిరగేసి బోర్లేశానో లెక్కలేదు. 'పెళ్ళి' ముందు రావాలా, 'ఊరు' ముందు రావాలా అన్నది తేలక తెల్లారింది.

ముందురోజు సాయంత్రం మా ఊరి లైబ్రేరియన్ తన బదిలీ కాగితం నా ముందు పెట్టింది. చలికాలం చివర్లో సముద్రం పక్కనున్న ఒక ఊరి లైబ్రరీలో చేరాలి. "మీరూ రండి," అంది. "సామాను మోయడానికి కాదు. అందుకైతే కూలీ దొరుకుతాడు." అంతకంటే స్పష్టంగా నన్నెవరూ, ఎప్పుడూ, దేనికీ పిలవలేదు.

అక్క చేతులు దులుపుకుని లేచింది. నన్ను చూసింది.

"ఒరేయ్, నీళ్ళ ఆఫీసులో నీ పని గీతలు గీయడమేగా?"

"అవును."

"ఊరందరి గొట్టాలూ గీస్తావు. నాకో మొక్కల గది గీసిపెట్టు. అద్దాలది. వచ్చే ఏడు మంచు పడేటప్పటికి నా మొక్కలు దాంట్లో ఉండాలి."

నేను నోరు తెరిచే ఉన్నాను. అందులోంచి వచ్చింది మాత్రం, "అలాగే అక్కా."

అక్క నా కంటే పన్నెండేళ్ళు పెద్దది. నాకు ఆరేళ్ళప్పట్నుంచి నన్ను పెంచింది తనే. ముందుగదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు, ఆఫీసువాళ్ళ కోట్లు కుడుతుంది. 'తమ్ముడి కోసం బతుకంతా ధారపోసిన మనిషి' అని మా వీధిలో అందరూ అంటారు. ఆ మాట అనేటప్పుడు ఎవరూ అక్కని చూడరు. నన్ను చూస్తారు.

*

"దేనికీ పుస్తకం?" అంది లైబ్రేరియన్. ఇంటి తోటల్లో గ్రీన్‌హౌస్‌లు కట్టుకోవడం గురించిన లావుపాటి పుస్తకం అది. అట్ట మీద దుమ్ము తుడిచి, వెనక పేజీ తెరిచి, స్టాంపు చేతిలో పట్టుకుని ఆగింది.

"అక్కకి."

"అక్కగారికి చెప్పారా?"

"మొక్కలు చచ్చిపోయాయండీ."

"అయ్యో," అంది. కాసేపు మౌనం పాటించింది, నిజంగానే. "ఇప్పుడు చెప్పొచ్చా?"

"ఆ గది కట్టడం అయ్యాక చెప్తాను. ఇప్పుడు చెప్తే పని మధ్యలో వదిలేసి పోతున్నాననుకుంటుంది."

"పని ఇంకా మొదలుకాలేదు కదా?"

ఆమె స్టాంపు వేసింది. "మూడు వారాలు గడువు. మూడుసార్లు పొడిగించుకోవచ్చు. నాలుగోసారి పొడిగించడానికి నేనుండను."

ఆ మాటలో కోపం లేదు. రోజూ వందమందికి చెప్పే నియమం చెప్పినట్టే చెప్పింది. పుస్తకం పట్టుకుని బయటికొస్తుంటే నాకు ఉపశమనం కలిగింది. పన్నెండు వారాలు! పన్నెండు వారాల్లో మనిషి ఏమైనా చెయ్యొచ్చు. అప్పుడు నాకు కలిగిన ఆ ఉపశమనమే ఆ కాలానికంతటికీ మూలమని ఇప్పుడు అనిపిస్తుంది. ఉరి రేపటికి వాయిదా పడితే సంతోషించేవాడు తాడుని మర్చిపోతాడు.

*

మొదటి బొమ్మ రెండు వాలుల కప్పున్న గది. పెరటి మధ్యలో నాలుగు పక్కలా అద్దాలతో నిలబడుతుంది. ఎటునుంచైనా వెలుతురు వస్తుంది. నిటారుగా పెరిగే తీగలకు మధ్యలో కావలసినంత ఎత్తు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "బాగుంది. చిన్నపిల్లలు గీసే ఇల్లులా ఉంది. కట్టించెయ్."

మూడు రోజుల తర్వాత నేనే దానికి తప్పు పట్టాను. మధ్యాహ్నం దాటాక పక్కింటి మేడ నీడ సరిగ్గా పెరటి మధ్యకే వస్తుంది. చలికాలంలో అసలే ఎండ తక్కువ.

రెండోది బండి గూడు లాంటిది. వంచిన గొట్టాల మీద మందపాటి ప్లాస్టిక్కు పట్టా కప్పుతారు. రెండు రోజుల్లో లేచిపోతుంది. "ఇదీ బాగానే ఉంది," అంది అక్క. నాకు నచ్చలేదు. అంచుల దగ్గర గోడ లోపలికి వంగిపోతుంది కాబట్టి అక్కడ పొడుగు మొక్కలు పెట్టలేం, మనిషి వంగకుండా నిలబడలేడు. గట్టిగా గాలి వస్తే పట్టా ఎగిరిపోతుంది.

మూడోది బోర్లించిన గిన్నె. త్రికోణాలు త్రికోణాలుగా అతికిన గోళం. ఏ పూటైనా ఎండకి ఏదో ఒక ముఖం ఎదురుగా ఉంటుంది, గాలి జారిపోతుంది. దాన్ని నాలుగు రంగుల పెన్సిళ్ళతో గీశాను. నేను గీసిన వాటిలోకెల్లా అందమైనది అదే.

"ఇందులో నా డబ్బాలెలా పెట్టను?" అంది అక్క. మొక్కలన్నీ పాత నూనె డబ్బాల్లోనే పెంచుతుంది. అన్నీ నలుచదరం. "గుండ్రటి గోడకి నలుచదరం డబ్బాలు చేరిస్తే వెనకాల సందులు. బొజ్జ మీద జేబు కుట్టినట్టుంటుంది."

అలా ఒక్కొక్కటే పోయాయి. ఎనిమిది పలకలది పోయింది. నేలలోకి సగం దించి కట్టేది వానాకాలం నీళ్ళు నిలుస్తాయని పోయింది. కప్పు వాలు తక్కువైతే లోపల పట్టిన తేమ బొట్లు బొట్లుగా ఆకుల మీద పడి కుళ్ళుతుందనీ, ఎక్కువైతే అద్దం నిలవదనీ రెండు వారాలు కోణాలు లెక్కపెట్టాను. వేడిగాలి పోవడానికి పైన కిటికీ, చల్లగాలి రావడానికి కింద కంత. అవి ఎదురెదురుగా ఉండాలా, ఏటవాలుగా ఉండాలా అని ఇంకో వారం.

గొట్టాలు కొలవడానికి వచ్చిన వెల్డరు గుమ్మంలో నిలబడి నా కాగితాల కట్ట చూశాడు. నిప్పురవ్వలు పడి అతని చొక్కా జల్లెడలా ఉంటుంది. ఆ కన్నాలకు అక్క మాసికలు వేస్తుంటుంది.

"సార్, తమరు ఒక బొమ్మ చెరిపేలోపు నేను రెండు గేట్లు బిగించి పనిముట్ల డబ్బా మూత పెట్టుకుంటున్నాను. నన్నెప్పుడు పిలుస్తారు?"

"కొలత తేలనీ."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు," అంది అక్క మిషను మీంచి తలెత్తకుండానే. "మావాడు కట్టలేక ఎండ వంకరంటున్నాడు."

"మీరేసిన మాసిక అక్కగారూ, చొక్కా పోయినా అది మిగిలేట్టుంది," అన్నాడు వెల్డరు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కూడా నవ్వాను, ఆలస్యంగా.

రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క తన బట్టలన్నీ బల్లకి ఒక పక్కకి జరిపి, రెండో పక్క ఖాళీ చేసి ఉంచేది. కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు దారపు రీళ్ళు పెట్టేది. పెన్సిళ్ళు చెక్కి వరసగా పేర్చేది. పక్కనే టీ. ఆ పెన్సిళ్ళ వరస చూస్తే నాకు ఊపిరి ఆడేది కాదు. కిటికీ చువ్వల్లా కనిపించేవి. నేను వెళ్ళిపోతానని ఈవిడకి ఎక్కడో తెలుసు, అందుకే ఈ పని నా కాళ్ళకి చుట్టింది అనుకునేవాణ్ణి. గది పూర్తయితే నీళ్ళు పోయడం, కిటికీలు తెరవడం, అద్దాలు తుడవడం. ఒకటి కాగానే ఇంకొకటి. ప్రేమతో కట్టిన ముడి కనుక విప్పడానికి కూడా సిగ్గేస్తుంది.

కానీ ఒక విషయం నాకు అప్పుడే తెలుసు, తెలియనట్టు నటించాను. ఒక ఆకారం దాదాపు కుదిరిందనిపించగానే నా గుండె దడదడలాడేది. ఎక్కడో తప్పుండాలి. వెతికేవాణ్ణి. దొరికేదాకా అన్నం సహించేది కాదు. దొరికాక హాయిగా నిద్ర పట్టేది.

*

రెండోసారి గడువు పొడిగించుకోవడానికి వెళ్ళినరోజు లైబ్రరీలో ఎవరూ లేరు. ఆమె అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుతోంది. తన తర్వాత వచ్చేవాళ్ళ కోసం అట.

"ఏ ఆకారం తేలింది?"

చెప్పడం మొదలుపెట్టాను. ఎండ ఏ నెలలో ఏ కోణంలో వస్తుందో, పొడుగుపక్క ఎటు తిప్పితే ఎంత వేడి నిలుస్తుందో, నీళ్ళ పీపాలు లోపల పెడితే పగటి వేడి దాచుకుని చీకటి పడ్డాక ఎలా వదులుతాయో. ఆమె ఒక పెట్టె మీద కూచుని, చేతిలో దారం ఉండతో వింది.

"మీరు ఇంతసేపు ఆపకుండా మాట్లాడగా ఇదే మొదటిసారి వినడం," అంది.

"బోరు కొట్టించానా?"

"లేదు. మన గురించి మాట్లాడి ఉంటే ఎంత బావుండేదో అనిపించింది." దారం పళ్ళతో తెంపింది. "తలుపు ఎటు పెట్టారు?"

"తలుపా?"

"ఆ గదికి."

తొమ్మిది బొమ్మలు గీశాను అప్పటికి. ఒక్కదానికీ తలుపు గీయలేదు. చివర్లో చూసుకోవచ్చనుకున్నాను. ఆ మాట ఆమెతో చెప్పలేదు. గాలి ఎటునుంచి వీస్తుందో చూడాలండీ అన్నాను.

ఆమె నా కళ్ళలోకి చూసి, స్టాంపు వేసి, తేదీ ఆరడానికి కాస్త ఊది పుస్తకం నా చేతికిచ్చింది. ఇంటికి నడుస్తుంటే నాకు రెండు వైపులా గోడలే ఉన్నట్టనిపించింది. ఇటు చూస్తే ఒక ఆడమనిషి ఏమీ అడక్కుండా నన్ను పట్టుకుని ఉంది. అటు చూస్తే ఇంకో ఆడమనిషి అన్నీ అడిగేసి నన్ను వదిలేసింది. రెంటిలో ఏది ఎక్కువ భయమో చెప్పలేను.

*

పదకొండోది కూడా పోయాక, ఒక ఆదివారం అక్క నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది.

"ఇంటి వెనక గోడ ఉందిగా. మధ్యాహ్నం ముట్టుకుంటే కాలుతుంది. దానికి ఆనించెయ్. ఒక గోడ ఉన్నట్టే, ఒక వాలు చాలు. నీడ అక్కడికి రాదు. నేను పొద్దుట్నుంచీ నిలబడి చూశా."

గోడకి ఆనించి కట్టే ఒంటివాలు గది. పుస్తకంలో మొట్టమొదటి బొమ్మ అదే. చాలా మామూలుగా ఉందని పేజీ తిప్పేశాను. ఆలోచించి చూస్తే మా పెరటికి అంతకంటే సరిపోయేది లేదు. గోడ పగలు వేడిని దాచుకుంటుంది, ఉతికిన బట్టలారేసే తీగ పోదు, మంచినీళ్ళ కుళాయి అక్కడే ఉంది. తప్పు వెతికాను. దొరికింది.

"ఆ గోడకి నా గది కిటికీ ఉంది అక్కా."

"ఉంటే? లోపలికి తెరుచుకుంటుంది. మంచిదేగా. నీ గది కూడా వెచ్చబడుతుంది. విత్తనాలు మొలకలేసే పళ్ళేలు నీ గదిలో పెట్టుకుని, కిటికీలోంచి అందుకోవచ్చు."

"ఎవరు అందిస్తారు?"

"ఎవరో ఒకరు. లేకపోతే నేనే అటు పెట్టి ఇటు తిరిగొచ్చి తీసుకుంటా. ఎంత దూరం?"

నేను నా గదిలోకి వెళ్ళి మంచం మీద కూచున్నాను. ఆ కిటికీలోంచి పెరడు, పెరటి గోడ, గోడ అవతల వీధిదీపం కనిపిస్తాయి. ఇక అద్దం అవతల అద్దం, మధ్యలో తడి ఆకులు కనిపిస్తాయి. నా గదిలో మొలకల పళ్ళేలు. ఆ పళ్ళేల మధ్య నేను. నన్ను కూడా ఒక డబ్బాలో పెట్టి, రోజుకింత నీళ్ళు పోసి చూసుకుంటుంది అనుకున్నాను. ఎంత కసిగా అనుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అక్క చెప్పినదాంట్లో నా మంచం ఎక్కడుందో అడగాలని కూడా నాకు తోచలేదు.

పన్నెండో బొమ్మ గీశాను. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. రెండు పక్కలా డబ్బాలు పెట్టే బల్లలు, మధ్యలో నడిచే దారి. ఆరడుగులంటే డెబ్భైరెండు అంగుళాలు. దారికి ముప్పయ్యారు, బల్లలకి చెరో పద్దెనిమిది.

మర్నాడు చూస్తే 'ముప్పయ్యారు' మీద అక్క గుడ్డల మీద గుర్తుపెట్టే నీలం సుద్దతో గీత కొట్టి ఉంది. పక్కన 'పద్దెనిమిది' అని రాసి ఉంది. బల్లలకి చెరో ఇరవయ్యేడు.

చెరిపి మళ్ళీ ముప్పయ్యారు వేశాను. అక్కకి బొమ్మ చదవడం రాదనుకున్నాను. సాయంత్రానికి మళ్ళీ పద్దెనిమిది. నేను సిరాతో ముప్పయ్యారు వేసి కాగితం వెల్డరుకి పంపించేశాను. సిరా మీద సుద్ద పనిచెయ్యదు కదా.

రెండు రోజుల తర్వాత వెల్డరు మా ఆఫీసుకే వచ్చాడు. ఒక చేతిలో నా కాగితం, రెండో చేతిలో రెండు ముళ్ళు వేసిన దారం ముక్క.

"సార్, తమరి కాగితం ఒకటి చెప్తోంది. అక్కగారి దారం ఇంకోటి చెప్తోంది. ముడికీ ముడికీ మధ్య ఎంతుంటే అంతే దారి పెట్టమన్నారు. నేను గొట్టాలు కోశాక మళ్ళీ అతకడానికి అవి గుడ్డలు కావు. దేనికి బిగించమంటారు?"

దారం నా స్కేలు మీద పరిచి చూశాను. పద్దెనిమిది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"కాగితానికే," అన్నాను.

"అలాగే సార్. కానీ నా చొక్కాలన్నీ ఆవిడ దగ్గరున్నాయి. ఒక్కసారి అడిగి చూడండి," అన్నాడు.

ఆ సాయంత్రం తిన్నగా మిషను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అక్క ముదురు ఊదారంగు గుడ్డతో ఏదో ఆడవాళ్ళ కోటు కుడుతోంది. ఎవరిదో బేరం అనుకున్నాను.

"పద్దెనిమిది అంగుళాలేంటి అక్కా? మనిషి దూరాలా వద్దా?"

"నేను దూరతాను. నడుం వెడల్పు టేపు పెట్టి చూసుకున్నా. రెండు పక్కలా కాస్త వదులు కూడా వేశా."

"నీళ్ళ బకెట్టు పట్టుకుని వెళ్ళాలి."

"ముందు పట్టుకుంటా. పక్కన ఎందుకు పట్టుకుంటా?"

"ఒకళ్ళు లోపలుంటే ఇంకొకళ్ళు పక్కనుంచి పోవడానికుండదు. ఇద్దరం పట్టం."

మిషను ఆగింది. అక్క చెయ్యి చక్రం మీద అలాగే ఉండిపోయింది.

"ఏ ఇద్దరం?" అంది.

ఆ మాట గట్టిగా అనలేదు. నన్ను చూస్తూ కూడా అనలేదు. చక్రం మీదున్న చెయ్యి చిన్నగా తోసింది, సూది కదిలింది, కుట్టు సాగింది. నేను బల్ల దగ్గరికి వెళ్ళి, కొత్త కాగితం తీసుకుని పన్నెండో బొమ్మని మళ్ళీ గీశాను. దారికి పద్దెనిమిది. దానికి మొట్టమొదటిసారి తలుపు కూడా గీశాను. గాలి తగలని చివర, బయటికి తెరుచుకునేలా.

మనసులో ఏదో కదిలిందనుకుంటాను. కానీ దాన్ని తాకకుండా పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాను. అందులో నాకు మంచి అలవాటుంది.

*

మూడో గడువు కూడా అయిపోయింది. ఆ శనివారం వెల్డరు చివరి పలక బిగించి, "ఇక దీన్ని చెరపాలంటే నన్ను కాదు సార్, తుపానుని పిలవాలి," అని చెప్పి వెళ్ళిపోయాడు. లైబ్రేరియన్ సోమవారం వెళ్ళిపోతోంది. నేను ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. పుస్తకం గడువు దాటి వారమైంది. తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఆమె ముఖం చూడాలి. బల్ల మీద వెతికితే అది కనిపించలేదు. కనిపించనందుకు సంతోషించి, వెతకడం మానేశాను.

ఆదివారం పొద్దున్నే నేను మొక్కల గదిలో లోపలి కొసన ఉన్నాను. నా గది కిటికీ కింద, బల్లకి మర బిగిస్తున్నాను. లోపల వెచ్చగా ఉంది. బయట మంచు ఇంకా వీడలేదు కాబట్టి అద్దాల మీద మబ్బు పట్టి, ప్రపంచమంతా తెల్లటి గుడ్డ కప్పినట్టుంది. రెండు పక్కలా బల్లలు నా తుంటికి ఆనుతున్నాయి. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. చెప్పకూడదు గానీ, నాకు చాలా హాయిగా ఉంది. ఇంత ఇరుకులో ఎవరూ నన్నేమీ అడగరు.

తలుపు చప్పుడైంది. అక్క ఒక పళ్ళెంలో ఆరు మొలకల డబ్బాలు పెట్టుకుని లోపలికి వచ్చింది. దారి పొడుగునా నడిచి నా ఎదుటికొచ్చి ఆగింది.

"పుస్తకం నేను ఇచ్చేశా," అంది.

నేను మర వదిలేశాను. "ఎప్పుడు?"

"గురువారం. వెనక పేజీలో తేదీలు చూశా. గడువు దాటిపోయింది, ఇంకా ఉంచుకుంటే బావుండదు కదా." పళ్ళెం చేతిలోనే ఉంది. "ఇంతకుముందు వీధిలో చూసి వేసుకున్న లెక్క సరిపోయింది, భుజాలు పదిహేనున్నర. చేతులు పొడుగు. కుడిభుజం కాస్త దిగి ఉంటుంది, పుస్తకాలన్నీ ఆ చేత్తోనే మోస్తుంది కాబోలు. ఆ పక్క కాస్త మెత్త వేశా. ఇంకా గుండీలు కుట్టాలి."

ఊదారంగు కోటు నాకప్పుడు గుర్తొచ్చింది.

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏం మాట్లాడతాం? పుస్తకం తీసుకుంది. పేరు చూసింది. నన్ను చూసింది. లేచి కుర్చీ వేసింది. సముద్రం దగ్గర చలిగాలి ఎక్కువంటగా అన్నాను. అవునండీ అంది. అంతే."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నెలకో పుస్తకం చదివేవాడివి వారానికి మూడుసార్లు లైబ్రరీకి పోతుంటే, ఉన్నట్టుండి చదువు మీద పడ్డావనుకుంటానేంట్రా?" నవ్వబోయి ఆగింది. "ఆమె బదిలీ సంగతి కోట్లు కుట్టించుకునే ఆఫీసువాళ్ళే చెప్పారు. నువ్వెళ్ళాక ఈ ఇంట్లో నాకు తోచాలిగా. అందుకే గది అడిగాను."

"మరి అడగొచ్చుగా నన్ను?"

"నువ్వు చెప్పాలిగా. రోజూ బల్ల సర్ది, పెన్సిళ్ళు చెక్కిపెట్టి, ఎదురుగా కూచున్నా. ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అని. పదకొండు బొమ్మలు గీశావు గానీ నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడలేదు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. కొలత తప్పిన చొక్కా గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. నేను అద్దం వైపు తిరిగాను. అక్కడ నా ఊపిరి మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. ఇన్ని వారాలూ నేను కోరుకున్నది ఇదే. అక్క నన్ను పట్టుకోవాలని. పట్టుకుంటే వెళ్ళలేకపోయానని చెప్పుకోవచ్చు, జీవితాంతం. ఆవిడ పట్టుకోకపోయేసరికి, గీసిన ప్రతి బొమ్మలోనూ నన్ను నేనే పట్టుకున్నాను.

"సోమవారం ఎన్నింటికి?" అంది అక్క.

"తొమ్మిదిన్నరకి బస్సు."

"అయితే వెళ్ళి చెప్పు."

నేను కదలబోయాను. కదలడానికి చోటు లేదు. నాకూ తలుపుకీ మధ్య అక్క, ఆమె చేతుల్లో పళ్ళెం, రెండు పక్కలా బల్లలు.

"నేను ఎలా రాను అక్కా?"

"నువ్వు ముందుకి నడువు. నేను వెనక్కి నడుస్తా."

అలాగే నడిచింది. వెనక్కి తిరిగి చూడకుండా, పళ్ళెం మా ఇద్దరి మధ్యా పట్టుకుని, ఒక్కో అడుగే వెనక్కి వేసింది. ఆమె ఒకటి వేస్తే నేను ఒకటి వేశాను. మొలకలు చిన్నగా ఊగుతున్నాయి. ఆమె కళ్ళు నా కాళ్ళ మీదున్నాయి. నాకు నడక నేర్పింది కూడా అక్కే అంటారు. ఇలాగే నేర్పి ఉంటుంది.

గడప దాటి ఆమె పక్కకి తప్పుకుంది. చల్లగాలి నా ముఖానికి కొట్టింది. నేను బయటికొచ్చాక అక్క మళ్ళీ లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. అద్దం వెనక ఆమె ఆకారం కాసేపు కనిపించింది, తర్వాత మబ్బు పట్టేసింది.

*

ఆ సాయంత్రానికి అక్క గుండీలు కుట్టి నా చేతికిచ్చిన కోటు ఆమె భుజం దగ్గర చక్కగా కూచుంది. లైబ్రేరియన్ అట్టపెట్టెల మధ్య నిలబడి, గుండీలన్నీ కింద నుంచి పైదాకా పెట్టుకుని, కుడిభుజం మీద చెయ్యి వేసి తడిమింది. తర్వాత, "ఇది అక్కగారి జవాబు. మీది?" అంది.

చెప్పాను. మింగేసిన ఆ వాక్యం కాదు. అది అప్పటికి పాతబడిపోయింది. ఇంకేదో, ముక్కలు ముక్కలుగా చెప్పాను.

ఇది జరిగి ఆరేళ్ళు. చలికాలంలో అక్క దగ్గరికి వెళ్తాం. నా గదిలో ఇప్పుడు మొలకల పళ్ళేలుంటాయి. మొక్కల గదిలోకి వంతులవారీగా వెళ్తాం. నా భార్య లోపలికెళ్తే నేనూ అక్కా బయట నిలబడి కబుర్లు చెప్పుకుంటాం. లోపల ఉన్నవాళ్ళు బయటికొస్తే తప్ప ఇంకొకళ్ళు వెళ్ళలేరు. మంచు ఒక్క మొక్కనీ ముట్టుకోలేదు.

సముద్రం పక్క ఊళ్ళో మా ఇల్లు పెద్దది. ప్రతి గదిలోనూ ఇద్దరు ఎదురుబొదురై తప్పుకునేంత చోటుంది. అయినా నేను ఒక్కోసారి వంటింట్లోంచి వసారాలోకి వెళ్తూ, ఒళ్ళు దగ్గరికి తీసుకుని, పక్కకి తిరిగి నడుస్తుంటానట. నాకు తెలియదు. నా భార్య చూసి చెప్తుంది.

"ఎవరికి దారి ఇస్తున్నారు?" అని అడుగుతుంది.